నాన్నను ‘సర్’ అని పిలవాల్సిన ఇల్లు

ఎథిక్స్ పేపర్ సిలబస్‌లో ‘విలువలు నేర్పడంలో కుటుంబం పాత్ర’ అని ఒక అంశం ఉంది. దానికి మనమందరం దాదాపు ఒకే నోట్స్ రాసుకుంటాం: కుటుంబమే తొలి పాఠశాల, తండ్రి క్రమశిక్షణ, తల్లి ప్రేమ. నేనూ అదే రాసుకున్నాను. రెండోసారి ప్రిలిమ్స్ పోయిన వారంలో ‘ఉడాన్’ చూశాక ఆ పేజీ కొట్టేసి మళ్లీ రాయాల్సి వచ్చింది.

2010లో వచ్చిన ఈ హిందీ సినిమా దర్శకుడు విక్రమాదిత్య మోత్వానేకి మొదటిది. ఆ ఏడాది కాన్ చలనచిత్రోత్సవానికీ ఎంపికైంది. పదిహేడేళ్ల రోహన్‌ను సిమ్లా బోర్డింగ్ స్కూల్ నుంచి పంపించేస్తారు. ఎనిమిదేళ్ల తర్వాత జంషెడ్‌పూర్‌లోని ఇంటికొస్తే, తనకు తెలియకుండానే ఆరేళ్ల తమ్ముడు అర్జున్ ఉంటాడు. తండ్రిని ‘సర్’ అనే పిలవాలి. రోజూ పొద్దున్నే ఆయనతో పరుగెత్తాలి. సగం రోజు ఆయన ఫ్యాక్టరీలో పని, ఆపైన ఇంజినీరింగ్ చదువు. రోహన్‌కు ఇష్టమేమో కవిత్వం.

తండ్రి భైరవ్ సింగ్ (రోనిత్ రాయ్) తను చేసేదంతా పిల్లల మంచికే అని నమ్మే మనిషి. మనలో చాలామంది ఇళ్లలో అలాంటి మనిషి ఉంటాడు కాబట్టే ఆ పాత్ర భయపెడుతుంది. అర్జున్‌ను బెల్టుతో కొట్టి, ఆసుపత్రిలో చేరిస్తే మెట్ల మీద నుంచి పడ్డాడని చెబుతాడు.

ఇక్కడ మన జీఎస్ పనికొస్తుంది. విద్యాహక్కు చట్టం–2009లోని సెక్షన్ 17 బడిలో పిల్లల్ని కొట్టడాన్ని, మానసికంగా వేధించడాన్ని నిషేధించింది. ఎవరి సంరక్షణలో ఉన్నారో వాళ్లే పిల్లల్ని హింసిస్తే బాలల న్యాయ చట్టం–2015లోని సెక్షన్ 75 వర్తిస్తుంది. భారత్ 1992లో అంగీకరించిన ఐరాస బాలల హక్కుల ఒడంబడికలోని 12వ అధికరణం, తమకు సంబంధించిన విషయాల్లో పిల్లల మాట వినాలంటుంది. చట్టాలు ఉన్నాయి. కానీ ‘మెట్ల మీద నుంచి పడ్డాడు’ అన్న మాట దాటి లోపలికి రావాలంటే, ఇంట్లోనే ఎవరో ఒకరు నోరు విప్పాలి.

సినిమాలో ఆ ఒకరు రోహన్. చివర్లో తండ్రి వెంటపడినా అందకుండా పరుగెత్తేస్తాడు. రోజూ ఓడిపోయిన పరుగే అది. అక్కడితో ఆగిపోయి ఉంటే అది ఒక కుర్రాడు తప్పించుకున్న కథ. కానీ రోహన్ తిరిగొస్తాడు. తమ్ముణ్ణి తీసుకుని వెళ్తాడు. తండ్రి నుంచి వచ్చిన తాత గడియారాన్ని మాత్రం అక్కడే వదిలేస్తాడు. ‘ధైర్యం’ మీద ఎస్సే వస్తే నేను రాసే ఉదాహరణ ఆ తిరిగి రావడమే.

ఇక నా సంగతి. మా నాన్న ఎప్పుడూ చెయ్యెత్తలేదు. కానీ హాస్టల్‌కు ఫోన్ చేస్తే మొదటి మాట ‘టెస్టులో ఎన్ని వచ్చాయ్?’ ఆ ప్రశ్నంటే నాకు కడుపులో తిప్పేది. సినిమా చూస్తున్నంతసేపూ నన్ను నేను రోహన్‌ననే అనుకున్నాను. తర్వాత నా ఫోన్ తీసి, ఇంటర్ చదువుతున్న మా తమ్ముడికి నేను పంపిన మెసేజ్‌లు చూశాను. ‘ఎన్ని మార్కులు?’ ‘ర్యాంక్ ఎంత?’ ‘ఫిజిక్స్‌లో ఎందుకు తగ్గాయ్?’ వేరే మాట లేదు.

ఆ రాత్రి వాడికి ఫోన్ చేసి, తిన్నావారా అని అడిగాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత మెల్లగా, ‘అన్నా, ఏమైంది? మళ్లీ రిజల్ట్ వచ్చిందా?’ అన్నాడు.

రేపు మనలో కొందరు కలెక్టర్లవుతారు, ఎస్పీలవుతారు. ‘సర్’ అని పిలిచేవాళ్లు చుట్టూ ఉంటారు. అప్పుడు ఎలా ఉంటామో ఇప్పుడే తెలుసుకోవాలంటే, మీకంటే చిన్నవాళ్లకు మీరు పంపిన చివరి పది మెసేజ్‌లు ఒకసారి చదువుకోండి.