బాహుబలి జలపాతం... ఎక్కడ నిలబడి చూడాలి?

సినిమాలో మబ్బుల్ని తాకిన ఆ జలధార అసలు ఎత్తు 80 అడుగులే. మిగతాదంతా కంప్యూటర్ మీద గీసిన బొమ్మ. ఆ బొమ్మ అంత గంభీరంగా కనిపించడానికి ముఖ్య కారణం, కెమెరా కన్ను ఉన్న చోటు. ఆ కిటుకేమిటో తెలియాలంటే కేరళలోని అతిరప్పిళ్లికి వెళ్లాలి.

'బాహుబలి' మొదటి భాగం చూసినవాళ్లెవరూ ఆ జలపాతాన్ని మర్చిపోలేరు. శివుడు ఎక్కబోయి జారిపడడం, మళ్లీ ఎక్కడం, తల్లి మొక్కు కోసం శివలింగాన్ని భుజానికెత్తుకొచ్చి ధార కింద నిలపడం... అన్నీ ఆ నీళ్ల దగ్గరే. 2015 జులై 10న ఆ సినిమా విడుదలయ్యాక, కేరళ వెళ్లే తెలుగువాళ్ల జాబితాలో అతిరప్పిళ్లి పేరు చేరిపోయింది. శబరిమల నుంచి తిరిగొచ్చే స్వాములూ, కొచ్చి, మున్నార్ చూడ్డానికి వెళ్లిన కుటుంబాలూ దారి మళ్లించుకుని మరీ ఇక్కడికి వస్తుంటారు. తీరా వచ్చాక చాలామంది పిల్లల నోట వచ్చే మొదటి మాట ఒకటే... 'ఇంతేనా?'

పాపం, పిల్లల తప్పేం లేదు. త్రిస్సూర్ జిల్లాలో చాలకుడి నది మీద ఉన్న ఈ జలపాతం ఎత్తు సుమారు 80 అడుగులు. అంటే ఎనిమిది అంతస్తుల మేడంత. వెడల్పు 330 అడుగుల దాకా ఉంటుంది. కేరళలో ఇదే పెద్ద జలపాతం. అయినా, మేఘాల్లోంచి దూకే ధారను తెరమీద చూసి వచ్చిన కళ్లకు ఇది చిన్నదిగానే తోస్తుంది. కాకపోతే అక్కడే ఓ గంట తిరిగి, చోటు మార్చి చోటు నుంచి చూస్తే అభిప్రాయం మారిపోతుంది. ఒకే జలపాతం ఓ చోట క్యాలెండరు బొమ్మలా, ఇంకో చోట అగాధంలా, మరో చోట దేవుడి గుడి గోపురంలా కనిపిస్తుంది!

కంప్యూటర్‌కు వచ్చిన చిక్కు

సినిమాలోని జలపాతం సగం నిజం, సగం బొమ్మ. ఇక్కడ చిత్రీకరించిన దృశ్యాలకు కంప్యూటర్ మీద కొండల్నీ, ధారల్నీ, మబ్బుల్నీ జోడించారు. ఈ పనిలో హైదరాబాద్‌కు చెందిన మకుట సంస్థది పెద్ద చెయ్యి. విజువల్ ఎఫెక్ట్స్ పర్యవేక్షించిన వి.శ్రీనివాస్ మోహన్‌కు ఆ సినిమా జాతీయ అవార్డు తెచ్చిపెట్టింది.

ఫొటోగ్రాఫర్‌కి లేని కష్టం ఒకటి ఇలాంటి బొమ్మ గీసేవాళ్లకు ఉంటుంది. మామూలు కెమెరాకు హద్దులున్నాయి. రాయి అడ్డం వస్తే పక్కకు జరగాలి. నీళ్ల మధ్యలో నిలబడలేం. కంప్యూటర్లో ఆ బాధ లేదు. గద్దలా పైనుంచి చూడొచ్చు, చేపలా నీళ్లలోంచి చూడొచ్చు, ధార మధ్యలో గాల్లో వేలాడొచ్చు. ఎక్కడైనా పెట్టొచ్చు కాబట్టే ఎక్కడ పెట్టాలో తేల్చుకోవడం కష్టం. కొండ ఎంత పెద్దగా గీసినా, కెమెరా సరైన చోట లేకపోతే చూసేవాళ్లకు అది అట్టముక్కలాగే కనిపిస్తుంది. అతిరప్పిళ్లిలో మూడు చోట్ల నిలబడితే ఈ సంగతి తేలిగ్గా అర్థమవుతుంది.

మొదటి చోటు... రోడ్డు పక్కన

చాలకుడి నుంచి జలపాతం దాకా దాదాపు 30 కిలోమీటర్లు. అంగమాలి వైపు నుంచి వస్తే దారిలో ఆయిల్‌పామ్ తోటలు పలకరిస్తాయి. మన పశ్చిమగోదావరి వాళ్లకు సొంతూరి పొలిమేరల్లో తిరుగుతున్నట్టే ఉంటుంది. తోటలు దాటి అడవి మొదలయ్యాక, రోడ్డు పక్కన చెట్ల సందులోంచి జలపాతం మొత్తం ఒక్కసారిగా కనిపిస్తుంది. కార్లన్నీ అక్కడ ఆగుతాయి. ఫోన్లన్నీ బయటికొస్తాయి.

బొమ్మ చక్కగానే వస్తుంది. పైన అడవి, మధ్యలో తెల్లటి ధారలు, కింద గుండం... అన్నీ ఫ్రేములో పడతాయి. కానీ గుండె మాత్రం ఝల్లుమనదు. ఎందుకంటే ఇక్కడ మన కన్ను ఇంచుమించు జలపాతం ఎత్తులోనే ఉంది. తలెత్తే పనిలేదు, దించే పనిలేదు. పక్కన కొలత చూసుకోవడానికి మనిషీ కనిపించడు. అది 80 అడుగులో, 800 అడుగులో చెప్పడం కష్టం. అన్నీ చూపించిన బొమ్మలో ఊహించుకోవడానికి ఏమీ మిగల్లేదు. 'ఇంతేనా' అనే మాట ఎక్కువగా వినిపించేది ఇక్కడే.

రెండో చోటు... ధార అంచున

టికెట్టు తీసుకుని లోపలికి నడిస్తే ముందు చేరేది జలపాతం నెత్తి మీదికి. నది ఇక్కడ బండల మధ్య విశాలంగా, నింపాదిగా పారుతుంటుంది. ఉన్నట్టుండి నీళ్లు మాయం! ఆ గీత అవతల ఉన్నది ఆకాశం, లోయ, అడుగు నుంచి పైకి లేచే నీటి పొగ. పడే ధార కంటికి కనిపించదు. చప్పుడే వినిపిస్తుంది.

ఇది భయపెట్టే కోణం. 1986లో వచ్చిన 'పున్నగై మన్నన్'లో కమల్‌హాసన్, రేఖ చేతులు పట్టుకుని దూకేది ఇక్కడి నుంచే. ఆ కథకు కావాల్సింది ఎత్తు కాదు, అంచు. అందుకే కెమెరాకు అంచు దగ్గర పని పడింది. కథకు ఏ భావం కావాలో తేల్చుకున్నాకే కెమెరా చోటు వెతుక్కోవాలని చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ లేదు.

ఓ హెచ్చరిక కూడా. బండల మీది నాచు సబ్బులా జారుతుంది. ఎగువన వాన పడితే నది చూస్తుండగానే పెరుగుతుంది. కట్టిన కంచెలూ, అటవీశాఖ కాపలాదారుల ఈలలూ అందుకే. మంచి ఫొటో కోసం కంచె దాటడం ప్రాణాలతో చెలగాటమే. సినిమావాళ్ల దగ్గర తాళ్లూ, గ్రాఫిక్సూ ఉన్నాయి. మన దగ్గర లేవు.

మూడో చోటు... కింద, కాస్త దూరంగా

పైనుంచి రాళ్ల మెట్లదారిలో దిగితే పావుగంట, ఇరవై నిమిషాల్లో జలపాతం అడుగుకు చేరొచ్చు. ఎక్కేటప్పుడు మోకాళ్లు మొత్తుకుంటాయి. అయినా దిగాల్సిందే. మలుపు తిరగ్గానే చల్లటి తుంపర మొహాన కొడుతుంది. మాటలు వినిపించవు. తలెత్తితే ఇందాకటి ఎనిమిది అంతస్తులు ఇప్పుడు ఇరవై అయినట్టుంటాయి!

'బాహుబలి' కథకు ఈ చోటే కావాలి. శివుడు కిందివాడు. పైన ఏముందో తెలియదు. తెలుసుకోవాలన్న తపనతోనే అతని కథ మొదలవుతుంది. కాబట్టి ప్రేక్షకుడూ అతనితో పాటు కిందే ఉండి తలెత్తి చూడాలి. అదే కొండను మొదట్లోనే పైనుంచి చూపించేస్తే, ఇక ఎక్కడమెందుకు?

కానీ మరీ ధార కిందికి చేరితే పని చెడుతుంది. తల పూర్తిగా వెనక్కి వాల్చి చూస్తే ఎత్తు కుదించుకుపోయి, పొట్టిగా కనిపిస్తుంది. తాటిచెట్టు మొదట్లో నిలబడి పైకి చూస్తే దాని పొడవు తెలియనట్టే. జలపాతం ఎంత ఎత్తుందో ఇంచుమించు అంత దూరంలో ఉంటే, తల సగం ఎత్తితే చాలు... కొన దాకా చూపు సాగుతుంది.

పెద్దదిగా కనిపించాలంటే కోణం ఒక్కటే చాలదు. దానికి మూడు తోడు కావాలి. మొదటిది మనిషి. బొమ్మలో చీమంత మనిషి ఉంటేనే కొండ కొండలా ఉంటుంది. ఆ మనిషి కెమెరా పక్కన కాదు, ధార వైపు ఉండాలి. రెండోది పొగమంచు. దూరంగా ఉన్నవి మసగ్గా, నీలంగా కనిపిస్తాయని మన కంటికి అలవాటు. అందుకే కొండ పైకి పోయేకొద్దీ రంగులు పలచబరుస్తారు. కొన దాదాపు కనిపించకుండా మబ్బు కప్పేస్తారు.

మూడోది చాలామందికి తట్టనిది... నీళ్ల వేగం. గాలి అడ్డును పక్కన పెడితే, 80 అడుగుల నుంచి జారిన నీటి చుక్క కిందపడటానికి రెండు సెకన్లకు కాస్త ఎక్కువ పడుతుంది. వెయ్యి అడుగుల నుంచైతే దాదాపు 8 సెకన్లు. లెక్క తెలియకపోయినా మన కంటికి ఈ తేడా తెలుసు. చిన్న జలపాతాన్ని సాగదీసి పెద్దది చేస్తే, నీళ్లు టపటపా పడిపోతూ గుట్టు బయటపెట్టేస్తాయి. అందుకే బొమ్మలో ధార నెమ్మదిగా, దారిలో తుంపరై విడిపోతూ దిగాలి.

మీ ఫోన్‌తోనూ ప్రయత్నించొచ్చు. కింద, కంచెకు ఇవతలే ఉండి ఫోన్‌ను మోకాలి ఎత్తుకు దించండి. ధార వైపు నడిచే జనం ఫ్రేములో పడేట్టు చూసుకోండి. ఆపైన జలపాతం కొనను కాస్త బయటికి వదిలేయండి. వీడియో అయితే స్లోమోషన్‌లో తీయండి. రోడ్డు మీద 'ఇంతేనా' అన్న పిల్లలే ఆ బొమ్మను స్నేహితులకు పంపుకుంటారు.

నాలుగో చోటు... వెనక్కి తిరిగితే

జలపాతానికి వీపు పెట్టి చూసేవాళ్లు తక్కువ. చూడాల్సింది అటు కూడా ఉంది. ఈ అడవిలో నాలుగు రకాల హార్న్‌బిల్ పక్షులున్నాయి. వాటిలో పెద్దది కేరళ రాష్ట్ర పక్షి. ఆడపక్షి చెట్టు తొర్రలో చేరి ద్వారం మూసేసుకుని గుడ్లు పొదుగుతుంది. చిన్న చీలికలోంచి మగపక్షి పళ్లు అందిస్తుంది. ఈ గూళ్లకు కాపలా కాసేది ఇక్కడే తరతరాలుగా ఉంటున్న కాడర్ గిరిజనులు. వాళచ్చాల్ పరిధిలోని వాళ్ల తొమ్మిది గూడేలకు 2014లో అడవిపై సామూహిక హక్కులు దక్కాయి.

జలపాతానికి ఎగువన 163 మెగావాట్ల విద్యుత్ ప్రాజెక్టు కట్టాలన్న ప్రతిపాదన దశాబ్దాల పాటు నలిగింది. ఆనకట్ట దగ్గర నీటిని సొరంగంలోకి మళ్లించి, జలపాతం దాటాక మళ్లీ నదిలో కలపాలన్నది ఆలోచన. కట్టి ఉంటే ధార సన్నబడేది, కాడర్ గూడేలకు ముప్పు వచ్చేది. ఆ గిరిజనులూ, నదిని ప్రేమించేవాళ్లూ ఏళ్ల తరబడి పోరాడారు. మాధవ్ గాడ్గిల్ నాయకత్వంలోని కమిటీ 2011లో ఈ ప్రాజెక్టు వద్దంది. 2020లో మళ్లీ కదలిక వచ్చి పెద్ద దుమారమే రేగింది. ముందుకెళ్లడం లేదని 2021లో కేరళ విద్యుత్ మంత్రి ప్రకటించారు.

ఇప్పటికీ జలపాతంలో నీళ్ల హెచ్చుతగ్గులు, ఎగువన 1957 నుంచి ఉన్న పొరింగల్‌కుత్తు విద్యుత్ కేంద్రం విడుదల మీద ఆధారపడి ఉంటాయి. ఎండాకాలంలో ఆ తేడా బాగా తెలుస్తుంది. తెర మీది జలపాతానికి ఈ బెడద లేదు. అది ఏ వేసవిలోనూ ఎండదు. కాకపోతే దానికి మూలం ఈ 80 అడుగుల ధారే. ఈ నీళ్లు పడే తీరు, పొగ లేచే తీరు, బండల నలుపు చూసే కదా ఆ బొమ్మ పుట్టింది! పిల్లలు 'ఇంతేనా' అంటే, కిందికి తీసుకెళ్లి తలెత్తి చూపించండి. తర్వాత వెనక్కి తిప్పి అడవినీ చూపించండి.

ఎలా వెళ్లాలి?

శబరి ఎక్స్‌ప్రెస్‌లో వెళ్లేవాళ్లు త్రిస్సూర్‌లో దిగి, చాలకుడి మీదుగా బస్సులో గానీ ట్యాక్సీలో గానీ చేరొచ్చు. విమానంలో అయితే కొచ్చి విమానాశ్రయం నుంచి గంట, గంటన్నర ప్రయాణం. దారిలో తుంబూర్‌ముళి దగ్గర సీతాకోకచిలుకల తోట, వేలాడే వంతెన ఉన్నాయి. జలపాతం నుంచి 5 కిలోమీటర్లు ముందుకెళ్తే వాళచ్చాల్ వస్తుంది. అతిరప్పిళ్లి టికెట్టు అక్కడా పనికొస్తుంది కాబట్టి పారేయకండి. వర్షాకాలం ముగిసే సెప్టెంబరు నుంచి జనవరి వరకు నీళ్లూ ఉంటాయి, దారీ బాగుంటుంది. భారీ వర్షాలప్పుడు కిందికి వెళ్లే దారి మూసేస్తారు. జారని చెప్పులు వేసుకోండి, తినుబండారాలు సంచిలోనే దాచుకోండి... కోతులు చూస్తే ఊరుకోవు!