తీగలకూ ఒక వరస

బదిలీ మీద రాయపూర్ వచ్చి, మోవాలో ఇల్లు తీసుకున్న మొదటి వేసవి అది. మా పాత కారు బ్యాటరీ మీద మేము తిరిగిన ఊళ్లన్నీ కనిపించేవి. ఒక ఊళ్లో హారను, ఇంకో ఊళ్లో ఫాగ్ లైట్లు, మరో ఊళ్లో ఫోను ఛార్జరు. ఏది కొన్నా దాని తీగ తెచ్చి బ్యాటరీ బోల్టుకే చుట్టేశాం. ఎలాగూ రెండేళ్లుండి వెళ్లిపోయేవాళ్లమే కదా!

ఒక సాయంత్రం బోనెట్‌లోంచి కాలిన వాసన వచ్చింది. వెనక సీట్లో పిల్లలున్నారు. గబగబా దింపేశాం. చూస్తే ఒక తీగ తొడుగు కరిగి, రేకుకు అంటుకుని ఉంది.

మెకానిక్ పెద్దాయన చూసి, "గురూజీ, పిల్లల కాపీలు దిద్దుతారు. దీన్నెవరు దిద్దాలి?" అన్నారు.

ముందు నెగటివ్ విప్పారు. పాజిటివ్ నుంచి ఒకే లావుపాటి తీగ తీసి, బ్యాటరీ పక్కనే పెద్ద ఫ్యూజు పెట్టి, ఫ్యూజుల పెట్టెకు కలిపారు. అక్కడినుంచి ఒక్కో పరికరానికి ఒక్కో తీగ, ఒక్కో ఫ్యూజు.

"12 వోల్టులే కదా అనుకోకండి. షాకు కొట్టదు గానీ నిప్పు పుడుతుంది. తీగ కన్నా ముందు ఫ్యూజు కాలాలి" అంటూ చివర నెగటివ్ బిగించారు.

ప్రతి తీగకూ మేమే చీటీ అంటించాం, తెలుగులోనూ హిందీలోనూ. రేపు ఏ ఊళ్లో ఎవరు విప్పుతారో!

పిల్లలూ, కొన్నాళ్లే కదా అని వదిలేసిన పని ఆ ఊళ్లోనే ఉండిపోదు. సామానుతో పాటు మన వెంటే వస్తుంది.