కొనుక్కునేవాడి కంటితో

ఇంకొంచెం దగ్గరికి జరగండప్పా, ఈ పుష్యమాసం చలికి నీలకంఠేశ్వరుడి జాతరలో కూడా జనం శాలువాలు విప్పట్లేదు. శాలువా అంటే గుర్తొచ్చింది. మా ఎమ్మిగనూరులో రిటైరయిన టీచరు ఒకాయన కథల ఈబుక్ వేసి, అమ్మడానికి సొంతంగా పేజీ పెట్టాడు. తెరవంగానే శాలువా కప్పించుకున్న ఫోటో. దాని కింద బిరుదులు, నాలుగు ముందుమాటలు. వేలు నొప్పి పుట్టేదాకా కిందికి జరిపితే చివర్లో, అదీ చిన్నక్షరాల్లో, ధర! "ఒక్కరూ కొనలేదన్నా" అని ఆయన బాధ.

మా ఊరి నేతగాళ్లకైతే 1938లోనే మాచాని సోమప్ప గారు సహకార సంఘం పెట్టి, అమ్మే బరువును దాని నెత్తికెత్తారు. రాసేవాళ్లకు అలాంటి దిక్కు ఏదీ? 2016 డిసెంబరులో అమెజాన్ కిండిల్‌లోకి హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళం పుస్తకాలొచ్చాయి. మన తెలుగు ఆ వరసలో లేదు. కినిగె లాంటి ఈబుక్ సైట్లు కొంత ఆదుకున్నా, చాలామంది సొంత దుకాణమే తెరుచుకుంటున్నారు. తెరిచాక మాత్రం కొనేవాడి సంగతి మరిచిపోతారు.

మా టీచరు మిత్రుడి పేజీలో మొదటి వాక్యం ఇది: "మానవ సంబంధాల సంక్లిష్టతను ఆవిష్కరించే అపురూప కథా సంపుటి." ఏ పుస్తకానికైనా అతుకుతుంది కాబట్టి ఏ పుస్తకాన్నీ అమ్మలేదు. అది కొట్టేసి ఇట్లా రాశాం: "ఇంటికి తాళమేసి, పిల్లల్ని బడి మాన్పించి, గుంటూరు మిరప చేలకు సుగ్గికి పోయే మన కోసిగి, కౌతాళం దిక్కు కుటుంబాల కథలు పన్నెండు." సుగ్గి అనంగానే ఈ పక్క మనిషి ఆగుతాడు. దాని పక్కనే అట్ట బొమ్మ, ధర, కొనే బటన్. శాలువా ఫోటో కిందికి పోయింది. ఆయన కొంచెం అలిగాడనుకోండి!

ఇంక రుచి చూపడం. ఆదోని మార్కెట్ యార్డులో వ్యాపారి గుప్పెడు పత్తి పీకి, వేళ్ల మధ్య సాగదీసి పింజ పొడవు చూడందే ధర పలకడు. చదివేవాడూ అంతే. ముందుమాట కాదు, ఒక కథ మొత్తం ఉచితంగా పెట్టండి. ఉన్నవాటిలో గట్టిది పెట్టండి, మిగిలినవాటిని అదే అమ్ముతుంది.

అసలు చిక్కు ఇంకోటుంది. మన డీటీపీ చాలావరకు అను ఫాంట్లలో జరుగుతుంది. ఆ ఫైలు నుంచి తీసిన పీడీఎఫ్‌లో అక్షరం పెద్దది చేస్తే వాక్యం తెర దాటిపోతుంది. ఫోన్లో ప్రతి లైనుకీ అటూ ఇటూ జరుపుతూ ఎవరు చదువుతారు? యూనికోడ్‌లోకి మార్చి, లైను తెరకు తగ్గట్టు సర్దుకునే ఈపబ్ చేయించడం మేలు. అది కుదరకపోతే, ఇది పీడీఎఫ్ అనీ, పెద్ద తెర మీద బాగుంటుందనీ పేజీలోనే చెప్పేయాలి. డబ్బు కట్టాక పుస్తకం వాట్సాప్‌కొస్తుందా, మెయిల్‌కొస్తుందా, రాకపోతే ఎవరికి ఫోన్ చేయాలో కూడా రాయాలి. యూపీఐతో కట్టేవాణ్ణి ముందు ఖాతా తెరవమంటే అక్కడే జారుకుంటాడు.

ఇవన్నీ ఒక్కొక్కటిగా మార్చి, ఏది పని చేసిందో లెక్క తేల్చాలంటారు కొందరు. వచ్చేది వారానికి ముప్పై మందైతే శాతాలు తీసి లాభం లేదు. కొనకుండా పోయిన తెలిసినాయనకు ఫోన్ చేసి, "ఎక్కడ ఆగిపోయినావు సామీ?" అని అడిగితే ఎక్కువ తెలుస్తుంది.

మీకూ అలాంటి పేజీ ఉంటే ఈ రాత్రే ఇంట్లో కథలు చదవని మనిషి చేతికి ఫోనివ్వండి. పుస్తకం దేని గురించి, ఎంత, ఎట్లా కొనాలి, ఈ మూడూ ఆ మనిషి కిందికి జరపకుండా చెప్పగలిగితే సరే. లేకపోతే పొద్దున లేవంగానే మొదట శాలువా ఫోటో దించండి.