అక్షరం తేడా, అర మార్కు కోత



మాచర్లలో రూమ్ తీసుకుని ఎస్‌ఎస్‌సీ సీజీఎల్‌కి చదువుతున్న తండా పిల్లలం మేం. టైర్-1లో ఇంగ్లిష్‌కి 25 ప్రశ్నలు, 50 మార్కులు. తప్పు పెడితే అర మార్కు కోత. లెక్కల్లో కష్టపడి తెచ్చుకున్న మార్కులు ఇక్కడ పోతుంటే కడుపు మండుద్ది.

మనల్ని ఎక్కువ తిప్పలు పెట్టేవి జంట మాటలు. తెలుగులో అన్నిటికీ 'లూజు' అనేస్తాం. ఇంగ్లిష్‌లో అవి రెండు. వదులుగా ఉండేది 'లూస్', దానికి 'ఓ'లు రెండు. పోగొట్టుకోవడం 'లూజ్', అందులో ఒక 'ఓ' పోయింది. అట్టా గుర్తుపెట్టుకున్నాం. 'అడ్వైస్' అంటే సలహా, 'అడ్వైజ్' అంటే సలహా ఇవ్వడం. ప్రిన్సిపల్ రెండూ ఒకేలా పలుకుతాయి, చివరి మూడక్షరాలు చూడాలి. 'పీ ఏ ఎల్' అయితే గురుకులం ప్రిన్సిపాల్, 'పీ ఎల్ ఈ' అయితే సూత్రం.

అఫెక్ట్, ఎఫెక్ట్ మాత్రం మిర్చి చేలోనే తేలాయి. వాన చేనుని అఫెక్ట్ చేసిద్ది, రాలిన పూత దాని ఎఫెక్ట్. ఎక్కువసార్లు మొదటిది క్రియ, రెండోది ఫలితం.

జాబితా బట్టీ పడితే రెండ్రోజుల్లో మర్చిపోతాం. వాక్యం మన ఇంటిదైతే నిలుస్తుంది.

"మనకి ఇంగ్లిష్ రాదులే" అనుకోవద్దు. ఇంట్లో గోర్ బోలిలో పాణి అంటే నీళ్లు, బడిలో పని అంటే వేరు. ఆ తేడా ఏ కోచింగూ లేకుండా ఒకటో తరగతిలోనే పట్టుకున్నాం. ఇంగ్లిష్ మనకి మూడో భాష, అంతే.

ఈ రాత్రికి ఐదు జంటలు, ఒక్కో మాటకి మన ఊరి వాక్యం రాయండి. రాసింది పక్కవాళ్లకి చదివి వినిపించండి.