కారం తగలని కంచం

సంక్రాంతికి ముందు మొదలైంది. పళ్లు తోముకుంటుంటే చిగుళ్లు భగ్గుమన్నాయి. పేస్టు ఘాటనుకుని మార్చాను. పండగనాడు అరిసె ముక్క బుగ్గకు తగిలి కళ్లనీళ్లొచ్చాయి. అద్దంలో చూసుకుంటే రెండు బుగ్గల లోపలా ముగ్గు వేసినట్టు తెల్లటి గీతలు, వాటి మధ్య ఎర్రగా ఒరుసుకుపోయిన పుళ్లు.

మందుల షాపులో బి కాంప్లెక్స్ ఇచ్చారు. వేడి చేసింది, మజ్జిగ తాగమన్నారు చుట్టాలు. శివరాత్రికల్లా వేడన్నం కూడా మింగలేకపోయాను. మాది గుంటూరు జిల్లా. మా ఇంట్లో కారం లేని కూర రోగులకే వండుతారు.

డెంటల్ కాలేజీలో చూసి ముక్క తీసి పరీక్షకు పంపాలన్నారు. క్యాన్సరేనని ఖాయం చేసుకున్నాను. పొలం కాగితాలు ఎక్కడున్నాయో మా వారికి చూపించాను. అర్ధరాత్రి బాత్రూంలో తలుపేసుకుని, ఫోన్ లైటుతో నోరు చూసుకునేదాన్ని. చూసినకొద్దీ గుండె దడ. అయినా చూడకుండా ఉండలేను.

ఓరల్ లైకెన్ ప్లానస్ అని వచ్చింది. పుండు పడే రకం. ఒంటిని కాపాడాల్సిన కణాలే నోటి లోపలి పొర మీద పడతాయని అక్కడ పీజీ చేస్తున్న డాక్టరమ్మ కాగితం మీద బొమ్మ గీసి చెప్పింది. అంటుకోదట. అప్పటిదాకా నా గ్లాసు విడిగా పెట్టుకుని, మనవణ్ణి ముద్దు పెట్టుకోవడం మానేశాను. 1869లో ఎరాస్మస్ విల్సన్ అనే ఇంగ్లండు డాక్టరు పేరు పెట్టిన జబ్బు ఇది. ఇన్నేళ్లకూ అదుపు చేసే మందులేగాని పూర్తిగా మాన్పేది రాలేదు. కొద్దిమందిలో క్యాన్సర్‌గా మారొచ్చు కాబట్టి జీవితాంతం చూపించుకుంటూ ఉండాలి. రెండు వారాలు దాటినా మానని పుండు ఏదైనా సరే, మీరు షాపు మందులతో ఆగకండి.

స్టీరాయిడ్ పేస్టు ఇచ్చారు. పుండు మీది తడి అద్ది తీసేసి రాయాలి, అరగంట ఏమీ తినకూడదు, తాగకూడదు. వెనకవైపు నా వేలు అందదు. మా ఆడపడుచు రాసేది. మనవడున్నదాన్ని, ఆవిడ ముందు నోరు తెరుచుకుని కూర్చుంటే చొంగ కారేది. చచ్చేంత సిగ్గు. ఆవిడ కొంగుతో తుడిచేసి పక్కింటి కబుర్లు చెప్పేది. పెసరకట్టు, సగ్గుబియ్యం జావ ఆరబెట్టి ఇచ్చేది. బళ్లో నేను చెప్పాల్సిన పీరియడ్లు సైన్సు మాస్టారు చెప్పారు, అడగకుండానే.

ఉగాది దాటాక నోట్లో తెల్లటి పూత పట్టింది. ఇక అయిపోయిందనుకుని మా వారి చెయ్యి పట్టుకుని ఏడ్చాను. స్టీరాయిడ్ వల్ల వచ్చిన ఫంగస్ అట. నోట్లో వేసుకునే చుక్కల మందుతో పోయింది.

వేసవిలో ఇంట్లో ఆవకాయ కలిపారు. మొదటి ముద్ద నాకు పెట్టబోయి మా అత్తయ్య చెయ్యి వెనక్కి తీసుకుంది. ఆవిడే ఎక్కువ బాధపడింది.

ఇప్పుడు పుళ్లు మానాయి, గీతలున్నాయి. ఈ మధ్య ఎడమ బుగ్గలో ఒకచోట గరుకుగా తగులుతోంది. పాతదే అయ్యుండొచ్చు. ఫోటో తీసి డాక్టరమ్మకు పంపాను. పై నెలదాకా ఆగొద్దు, సోమవారం రమ్మంది. ఆడపడుచు తోడొస్తానంది.