అచ్చులో నిలిచిన రైళ్ళు

ఇంగ్లండు వెళ్ళిన మనవాళ్ళు లండన్‌లో రాజప్రాసాదమూ, థేమ్స్ మీద వంతెనా చూసి, వాటి ముందు నిలబడి ఫోటోలు తీయించుకుని వస్తారు. నేనూ ఆ పని చేశాను. కాని ఇంటికి వచ్చాక నలుగురికీ చెప్పాలనిపించింది మాత్రం వాటి సంగతి కాదు. లాంగ్ విటెన్‌హామ్ అనే ఒక పల్లెటూరి సంగతి.

లండన్‌లో పాడింగ్టన్ స్టేషన్‌లో రైలెక్కి డిడ్‌కాట్‌లో దిగాను. అక్కణ్ణించి టాక్సీలో కొద్ది మైళ్ళ దూరం. గడ్డి కప్పిన ఇళ్ళు, ఇళ్ళ ముందు పూలమొక్కలు, ఊరికి దగ్గర్లో థేమ్స్ నది. వీధిలో మనిషి అలికిడి లేదు. ఇంత చిన్న ఊళ్ళో చూడదగినది ఏముంటుందా అనుకుంటూ పెండన్ మ్యూజియంలో అడుగు పెట్టాను.

లోపల ఇంకో ఊరు ఉంది! అవే గడ్డి ఇళ్ళు, అవే తోటలు, పొలాలు, వాటి మధ్య రైలు. అన్నీ అసలులో డెబ్బయి ఆరో వంతు. అంటే ఆరడుగుల మనిషి అక్కడ అంగుళం కూడా ఉండడన్నమాట. రాయ్ ఇంగ్లండ్ అనే ఆయన ఆస్ట్రేలియా నుంచి 1925లో ఈ దేశం వచ్చాడు. పాత పల్లెలు తన కళ్ళముందే మారిపోతుంటే చూడలేక, కనీసం నమూనాలైనా మిగల్చాలని పూనుకున్నాడు. 1954లో ఈ మ్యూజియం వెలిసింది. ఆయన పోయినా, స్వచ్ఛందంగా వచ్చేవాళ్ళు ఆ పని సాగిస్తూనే ఉన్నారు.

నా కాళ్ళు ఎక్కువసేపు నిలిచిపోయింది మాత్రం మరోచోట. అక్కడ ఉన్నది మాడర్ వాలీ రైల్వే. మిగతావాటితో పోలిస్తే నాజూకు తక్కువే. మాడర్‌పోర్ట్ అనే రేవు, వంకరటింకర వీధులు, చిన్న చిన్న ఇంజన్లు. ఆ ఊళ్ళు ఏ పటంలోనూ లేవు. జాన్ అహర్న్ అనే లండన్‌వాసి తన ఇంట్లో కట్టుకున్న ఊళ్ళు అవి.

"ప్రత్యేక దినాల్లో తప్ప దీన్ని నడపం. పెద్దవయసు కదా!" అన్నాడు పక్కన నిలబడ్డ ఒక ముసలాయన. ఆయన ఆ మ్యూజియంలో స్వచ్ఛందంగా పనిచేసేవాడు. ఒకప్పుడు బడిపంతులట.

ఆయన చెప్పగా అసలు సంగతి బోధపడింది. అహర్న్ ఈ పని మొదలుపెట్టింది 1930ల్లో. అప్పట్లో నమూనా రైళ్ళంటే చాలామందికి బల్ల మీద పట్టాలు, వాటిమీద ఇంజను, అంతే. రైలు ఒక ఊరికి వెళుతుందనీ, ఆ ఊళ్ళో ఇళ్ళూ వాకిళ్ళూ ఉంటాయనీ ఈయన చూపించాడు. చూపించింది ఎవరికి? ఆయన ఇంటికి వెళ్ళగలిగిన వాళ్ళు ఎంతమంది? చూపించింది మోడల్ రైల్వే న్యూస్ అనే పత్రికలో. తనే ఫోటోలు తీసి, అట్టముక్కతో గోడ ఎలా కోయాలో, కొండకు పచ్చిక ఎలా అంటించాలో వివరంగా రాశాడు. తర్వాత పుస్తకాలూ వేశాడు. దేశమంతటా కుర్రాళ్ళు అవి చదివి, కత్తెరా జిగురూ పట్టుకున్నారు. ఆయన 1961లో పోయాడు. ఆ తర్వాత ఆ రైల్వే పెండన్ చేరింది.

"నేనూ ఆ కుర్రాళ్ళలో ఒకణ్ణే. ఎనిమిదేళ్ళు కష్టపడి ఒక స్టేషన్ కట్టాను. వ్యాసం రాసి ఒక పత్రికకు పంపాను. తిరిగొచ్చింది!" అన్నాడాయన.

"బాగా లేదన్నారా?"

"బాగుందన్నారు. అదే కోపం తెప్పించింది నాకు. 'మీ స్టేషన్ బాగుందని మీరే రాశారు. ఎలా కట్టారో రాయలేదు' అన్నాడు సంపాదకుడు. నెలరోజులు మండిపడ్డాను. తర్వాత ఆలోచిస్తే ఆయన మాటే నిజమనిపించింది."

ఫోటోల విషయంలోనూ ఆయన పొరపాటు చేశాడట. నిలబడి పైనుంచి తీశాడు. పైనుంచి చూస్తే అది బల్ల మీది బొమ్మే. కెమెరాను దించి, ఆ ప్లాట్‌ఫారం మీద అంగుళం మనిషి కంటి ఎత్తున పెట్టాలి. కటకం రంధ్రం బాగా కుదించి, ఆ కుదింపుకు తగ్గట్టు ఎక్కువసేపు తెరిచి ఉంచాలి. అప్పుడే ముందున్న దీపస్తంభమూ, వెనకున్న కొండా రెండూ స్పష్టంగా వస్తాయి. వీటికి తోడు కొలతలతో పట్టాల పటం ఒకటి గీయాలి. ఇవన్నీ సరిచేసి మళ్ళీ పంపితే వేసుకున్నారు. ఎక్కడెక్కడి నుంచో ఉత్తరాలు వచ్చాయి.

"ఇప్పుడు ఆ స్టేషన్ మీ ఇంట్లో ఉందా?" అని అడిగాను.

"లేదమ్మా. ఇల్లు మారినప్పుడు విప్పేయవలసి వచ్చింది. నాలుగు పేజీలు మిగిలాయి. చాలు" అన్నాడు నవ్వుతూ.

చాలు అన్నాడు గాని, ఆ మాట అంటూ మాడర్‌పోర్ట్ వైపు చూశాడు. నాకు కడుపులో దేవినట్టయింది.

ఆయనే జాన్ ఆలెన్ కథ చెప్పాడు. అమెరికాలో కాలిఫోర్నియా తీరాన మాంటెరేలో ఉండేవాడు. వృత్తిరీత్యా ఫోటోగ్రాఫరు. ఇంట్లో నేలనుంచి కొండలు లేపి, లోయల మీద వంతెనలు వేసి ఒక రైల్వే కట్టాడు. దాని పేరు ఇంగ్లీషులో పలికితే "నెత్తురోడి ఓడిపోయినది" అనే అర్థం వస్తుందట. మనిషి అంత సరదా అయినవాడు! 1934లో మొదలైన మోడల్ రైల్‌రోడర్ పత్రికలో ఆయన ఫోటోలు చూసి అమెరికా అంతా ముక్కున వేలేసుకుంది. 1973 జనవరిలో గుండెపోటుతో పోయాడు. పట్టుమని పదిహేను రోజులైనా తిరక్కుండానే ఆ ఇంట్లో నిప్పంటుకుని, ఆ కొండలూ వంతెనలూ దాదాపు అన్నీ బూడిదయ్యాయి. 1981లో ఆయన పని మీద ఒక పుస్తకం వచ్చింది. నేటికీ జనం ఆ రైల్వేను చూస్తున్నారంటే ఆ ఫోటోల చలవే.

తిరుగు రైలులో కూర్చున్నాక మా చిన్నాన్న గుర్తుకొచ్చాడు. చిన్నప్పుడు సంక్రాంతికి మా ఇంట బొమ్మల కొలువు పెడితే, కింది మెట్టు ముందు ఆయన రైలు పెట్టేవాడు. అగ్గిపెట్టెల పెట్టెలు, ఆవాలు చల్లి మొలిపించిన పొలాలు, ఒక కొండ, ఆ కొండలో సొరంగం. వీధి వీధంతా వచ్చి చూసేది. కనుమ వెళ్ళగానే అన్నీ తీసేసేవాళ్ళం. ఒక్క ఫోటో లేదు. చిన్నాన్న పోయి పదేళ్ళయింది. ఆ కొండ కూలిపోకుండా ఎలా నిలబెట్టేవాడో మా తరంలో ఎవరికీ తెలియదు.

ఊరు చేరగానే పిన్నిని అడిగాను. ఆవిడ నవ్వి, "తెలియకేం! జిగురు ఉడికించి ఇచ్చింది నేనేగా" అంది.

వెదురు గంపను బోర్లించి దానికి సొరంగం పట్టేటంత కంత కోసేవాడట. గోనెపట్టాను మైదా జిగురులో ముంచి దానిమీద కప్పి, ముడతలు ముడతలుగా నొక్కి, రెండు రోజులు ఎండలో ఆరబెట్టేవాడట. ఆ ముడతలే కొండ చరియలు. తర్వాత పైన ఎర్రమట్టి అలికేవాడట. జిగురులో చిటికెడు మైలతుత్తం వేస్తే పురుగు పట్టదట గాని, అది విషం, పిల్లల చేతికి ఇవ్వకూడదని పిన్ని మరీ మరీ చెప్పింది.

ఎలా చేశాడో రాశాను. ఇక మా చిన్నాన్న కొండ కూలదు.