82 ఓముల తూము

నాన్న కాలువల డిపార్టుమెంటులో సూపర్‌వైజరు. బెజవాడలో ఉన్న రోజుల్లో వేసవి వచ్చిందంటే ఆయనకు ఊపిరి సలిపేది కాదు. బ్యారేజీ దగ్గర కాలువలు కట్టేసేవాళ్లు. బందరు కాలువ, ఏలూరు కాలువ, రైవస్ కాలువ, మూడూ అడుగు కనిపించేలా ఎండేవి. మళ్లీ నీళ్లు వదిలేలోపు పూడిక తీయించాలి, గట్లు వేయించాలి, తూముల తలుపులు బాగుచేయించాలి. వాటన్నిటికీ ముందు ఎస్టిమేట్లు రాయాలి. రాత్రి భోజనాలయ్యాక వాకిట్లో మంచం వాల్చి, లాగ్ టేబుల్స్ పుస్తకం తొడ మీద పెట్టుకుని కూర్చునేవారు. కాలువలో ఎంత నీరు పారుతుందో చెప్పే మ్యానింగ్ సూత్రంలో ఒక అంకెను మూడింట రెండు వంతుల ఘాతానికి ఎక్కించాలి. లాగ్ చూడాలి, రెండుతో హెచ్చవేయాలి, మూడుతో భాగించాలి, యాంటీలాగ్ చూడాలి. అక్కడికి ఒక్క చోటి లెక్క. అలాంటివి రాత్రికి ఇరవై.

1978 వేసవిలో అమెరికా నుంచి వచ్చిన మామయ్య నాన్నకు ఒక కాలిక్యులేటర్ తెచ్చాడు. జేబులో పట్టే మొదటి సైంటిఫిక్ కాలిక్యులేటర్‌ను హ్యూలెట్ ప్యాకార్డ్ 1972లో తెచ్చినప్పుడు దాని ధర 395 డాలర్లు. నాలుగేళ్లు తిరిగేసరికి 25 డాలర్లకే సైంటిఫిక్ కాలిక్యులేటర్లు రావడం మొదలైంది. కాబట్టే మామయ్య కొనగలిగాడు. నల్లటి ఒళ్లు, చీకట్లో ఎర్రగా వెలిగే అంకెలు. నాన్న మొదటి రాత్రి ఇరవై లెక్కలూ అరగంటలో ముగించి, ఏం చేయాలో తోచక, అమ్మతో కబుర్లు చెబుతూ కూర్చున్నారు. అమ్మ నవ్వు వాకిట్లో అంతసేపు వినిపించడం నాకు బాగా గుర్తు.

ఆ ఎర్ర అంకెలు కరెంటును తెగ తాగేవి. అందుకే మామూలు బ్యాటరీలు కాకుండా మూడు నికెల్ కాడ్మియం సెల్స్ పెట్టి, చార్జర్ ఇచ్చారు. చార్జర్ 110 వోల్టులది, మన ఇంటి కరెంటు 230. రెంటికీ మధ్య పెట్టాల్సిన పచ్చడి జాడీ అంత ట్రాన్స్‌ఫార్మర్‌ను కూడా మామయ్య ఇచ్చి వెళ్లాడు. నాన్న దాన్ని బీరువాలో పెట్టి తాళం వేసేవారు.

ఆయన క్యాంపుకు వెళ్లిన ఒక మధ్యాహ్నం కాలిక్యులేటర్ వెలగలేదు. నాకు పన్నెండేళ్లు. చార్జర్ పలక పిన్నులకు రెండు వైరు ముక్కలు చుట్టి నేరుగా ప్లగ్గులో దూర్చాను. ముందు సన్నగా గుంయ్‌మంది. కాసేపటికి లక్క కాలిన వాసన. పీకేసరికి చార్జర్ చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంది. అన్నీ ఎక్కడివక్కడ సర్దేశాను. నాన్న వచ్చి, నొక్కి, మళ్లీ నొక్కి, ఏమీ అనకుండా గుడ్డలో చుట్టి ట్రంకుపెట్టెలో పెట్టారు. ఆ రాత్రి లాగ్ టేబుల్స్ మళ్లీ తొడ మీదికి వచ్చాయి. నేను చాప మీద పడుకుని పేజీలు తిరగేసే చప్పుడు వింటూ ఉండిపోయాను.

దసరా వెళ్లాక నాన్న నన్ను సైకిలు వెనక కూర్చోబెట్టుకుని గవర్నర్‌పేటలో ఒక సందులోకి తీసుకెళ్లారు. మనిషి అడ్డంగా పడుకుంటే గోడలకు తల, కాళ్లు తగిలేంత కొట్టు. ఒక వైపు వాల్వు రేడియోల అస్థిపంజరాలు, ఇంకో వైపు బ్యాటరీ ఎలిమినేటర్లు. సోల్డరింగ్ పొగ, పేస్టు వాసన. రేడియో బాగుచేసే ఆయన్ని అందరూ బాబాయ్ గారనేవారు. కాలిక్యులేటర్ ఎప్పుడూ విప్పలేదని ముందే చెప్పారు. "లోపల చిప్పు పోయుంటే నేను చేసేదేం లేదు సార్. కరెంటు దారి మాత్రం నాకు తెలుసు" అన్నారు. ఎంత తెలుసో అంతే చెప్పిన ఆ మాట మీద నాకు ఇప్పటికీ గౌరవం.

చార్జర్‌ను ముందుగా సీరీస్ బల్బుకు తగిలించారు. షార్టయి ఉంటే బల్బు భగ్గున వెలగాలి, బాగుంటే మినుకుమనాలి. అసలు వెలగనే లేదు. లోపల చుట్ట తెగిపోయింది. చార్జర్‌ను ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశారు. నా వంక చూశారు. ఏమీ అనలేదు.

తర్వాత సెల్స్ మూత తీశారు. రాగి రేకుల మీద ఉప్పు పేరినట్టు తెల్లటి పొడి. సెల్‌లోంచి కారిన క్షారం అది. "పక్క సోడా కొట్లో నిమ్మచెక్క పట్రా అబ్బాయ్" అన్నారు. దూది పుల్లతో నిమ్మరసం అద్దుతుంటే పొడి నురగలా పొంగి కరిగిపోయింది. తడి గుడ్డతో తుడిచి, స్పిరిట్ రాసి, బ్లేడుతో సుతారంగా గీకితే రేకు మళ్లీ మెరిసింది. మీటరు పెడితే రెండు సెల్స్‌కు ముల్లు కాస్త లేచింది, మూడోదానికి కదల్లేదు. లోపల సన్నటి కాడ్మియం మొలకలు పెరిగి రెండు పక్కలనూ కలిపేస్తే సెల్ అలా చచ్చినట్టు పడి ఉంటుంది. అలాంటి సెల్స్ అప్పట్లో బెజవాడలో దొరికేవి కావు. ఆయన ఒక పెద్ద కండెన్సర్‌ను ఎలిమినేటర్‌తో నింపి, దాని వైర్లను సెల్ రెండు కొసలకూ తాకించారు. టప్‌మని నిప్పురవ్వ. మళ్లీ నింపి మళ్లీ తాకించారు. నాలుగోసారికి ముల్లు లేచి ఒకటింపావు దగ్గర నిలబడింది. మొలక కాలిపోయింది. నాన్న "ఆహా" అన్నారు, పాటకచేరీలో అన్నట్టు.

కొత్త చార్జర్ కట్టడానికి ఆయన 6-0-6 ట్రాన్స్‌ఫార్మర్, రెండు బీవై 127 డయోడ్లు, 1000 మైక్రోఫారడ్ కండెన్సర్ తీశారు. సరిపడే రెసిస్టర్ ఎంతో తేల్చాలి. లెక్కల యంత్రం బల్ల మీద పడుకుని ఉంటే, దాని కోసం నాన్న సిగరెట్ పెట్టె అట్ట మీద పెన్సిల్‌తో లెక్క కట్టారు. డయోడ్లు దాటి వచ్చేది సుమారు 7.8 వోల్టులు. నిండుతున్నప్పుడు మూడు సెల్స్ దగ్గర ఉండేది 4.2. మధ్య తేడా 3.6. సెల్ 450 మిల్లీ ఆంపియర్ అవర్లది, అందులో పదో వంతు కరెంటే పంపాలి. భాగిస్తే 80 ఓములు. కొట్లో ఉన్నది 82. బూడిద, ఎరుపు, నలుపు. ఆ చారలను నా చేతే చదివించారు.

"అంటే ఇది తూమన్నమాట" అన్నారు నాన్న. "పైనుంచి ఎంత నీరొచ్చినా పొలంలోకి ఇంతే వదులుతుంది."

"మరి సెల్సు చెరువు సార్. చెరువు లేకుండా చార్జర్ పెట్టారనుకోండి, వోల్టేజీ అంతా చిప్పు మీద పడుద్ది. దీనికి ఎవరో ఎక్కువ కరెంటే ఎక్కించారు. ఆ దెబ్బంతా సెల్సు తిన్నాయి. చిప్పు బతికుంటే వాటి పుణ్యమే."

ఆయన నా వైపు చూడకుండా చెప్పారు.

తిరిగి వచ్చేటప్పుడు సైకిలు వెనక కూర్చుని, చెమటకు తడిసిన నాన్న చొక్కాతో చెప్పాను, నేనే చేశానని. ఆయన తొక్కుతూనే ఉన్నారు. వంతెన ఎక్కేటప్పుడు దిగమన్నారు. ఇద్దరం సైకిలు నెట్టుకుంటూ నడిచాం. నడి వంతెన మీద ఆగి, కాలువ నిండుగా పారుతుంటే చూసి, "షాక్ కొట్టలేదు కదా?" అని మాత్రం అడిగారు.

ఎక్కించిన కరెంటంతా సెల్‌లో నిలవదు కాబట్టి పది గంటలు కాదు, 14 గంటలు ఉంచాలని బాబాయ్ గారు చెప్పారు. మధ్యలో రెండు సార్లు కరెంటు పోయింది. పోయిన నిమిషాలను నాన్న నా చేత రాయించి, అంతసేపూ కలిపించారు. మర్నాడు మధ్యాహ్నం స్విచ్ జరిపితే ఎర్రటి సున్నా వెలిగింది. నాన్న ఒక కాలువ లెక్క వేసి, లాగ్ టేబుల్స్‌తో సరిచూసుకున్నారు. తర్వాత చిన్న కాగితం మీద "సెల్స్ లేకుండా చార్జర్ పెట్టరాదు" అని రాసి, సెల్స్ మూతకు లోపలి వైపు అంటించారు.

కాలిక్యులేటర్ ఇప్పుడు నా దగ్గరే ఉంది. సెల్స్ చాలాసార్లు మారాయి. కిందటేడు చార్జర్ విప్పితే కండెన్సర్ ఎండిపోయి ఉంది, మార్చాను. రెసిస్టర్ మీద ఎరుపు చార వెలిసి గోధుమ రంగుకు తిరిగింది. మీటరు పెట్టి చూస్తే 84 ఓములు. అదే ఉంచాను.